దారి అనుకోకుండా సైకిలెక్కడం: బయల్దేరే ముందు తేల్చుకోవాల్సినవి, దారిలో చూసుకోవాల్సినవి

ఎటు పోవాలో అనుకోకుండా బయల్దేరడానికి మ్యాపు అక్కర్లేదు. కానీ ఎప్పుడు వెనక్కి తిరగాలో గడప దాటకముందే తేలిపోవాలి. ఇలాంటి సవారీలు దారి తప్పడం వల్ల చెడతాయని చాలామంది అనుకుంటారు. తప్పిన దారి మామూలుగా పావుగంటలో దొరుకుతుంది. అసలు ఇబ్బంది పెట్టేవి వేరు: చీకటి పడటం, నీళ్లు అయిపోవడం, వచ్చేటప్పుడు వెనకనుంచి తోసిన గాలికి తిరుగు దారిలో ఎదురు తొక్కాల్సి రావడం, ముల్లు దిగాక సంచిలో ట్యూబు లేకపోవడం. ఇవన్నీ ముందే చూసుకోగలిగినవే. వీటిని చూసుకుంటే మలుపులన్నీ అప్పటికప్పుడు తీసుకోవచ్చు.

తిరుగు సమయం

మీ చేతిలో ఉన్న సమయంలో నూటికి 40 వంతులు అయిపోగానే ఇంటివైపు తిరగండి. మూడు గంటలు ఉంటే 180 నిమిషాలకు 72, అంటే బయల్దేరిన గంటా పన్నెండు నిమిషాలకు. సగం దాకా ఎందుకు ఆగకూడదంటే, తిరుగు ప్రయాణానికి తరచూ ఎక్కువ సమయం పడుతుంది. కాళ్లు అలసి ఉంటాయి. కూడళ్ల దగ్గర ఆగి ఎటో ఆలోచించాల్సి వస్తుంది. ఒక్క పంక్చర్ పడిందంటే 20 నిమిషాలు పోయినట్టే. లోపలికి రెండు కిలోమీటర్లు పోయాక ముగిసిపోయే బాట ఒక్కటి తగిలితే మొత్తం లెక్కకు నాలుగు కిలోమీటర్లు కలుస్తాయి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. బాగున్న దారిలో ఉన్నప్పుడు గడియారం చూడాలని ఎవరికీ గుర్తుండదు.

దూరం అంచనా వేసేటప్పుడు రోజూ తొక్కే రోడ్డు మీద వచ్చే వేగాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. అక్కడ గంటకు 18 కిలోమీటర్లు తొక్కేవాళ్లకు తెలియని దారుల్లో, ఆగుడూ మట్టిరోడ్లూ కలుపుకుంటే, 12 నుంచి 14 వస్తే మంచి వేగమే.

సాయంత్రం పూట ఇంకో హద్దు ఉంది. సూర్యాస్తమయానికి 45 నిమిషాల ముందే తెలిసిన రోడ్డు మీదికి వచ్చేయాలి. గడియారం లేకపోతే చేయి పూర్తిగా చాచి, అరచేతిని మీవైపు అడ్డంగా తిప్పి, సూర్యుడికీ నేల అంచుకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. ఒక్కో వేలు ఇంచుమించు పావుగంట. సూర్యుణ్ణి నేరుగా చూడకుండా, వేళ్లను దాని కింది నుంచి పేర్చుకుంటూ రావాలి. ఈ లెక్క భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో బాగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. దూరపు అక్షాంశాల్లో ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఇంకాస్త సమయం ఉంటుంది.

మొదట గాలికి ఎదురు

మొదటి మలుపు ఒక్కటి మాత్రం మనసుకు వదిలేయకండి. గాలి ఎటునుంచి వస్తోందో అటే వెళ్లండి. చెట్ల కొమ్మలు, పొగ, ఆరేసిన బట్టలు చూస్తే తెలిసిపోతుంది. వాతావరణ యాప్‌లో చూస్తే ఒక తిరకాసు ఉంది: పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలి. అది పడమరకు వీస్తుందనుకుని చాలామంది తలకిందులుగా వెళ్తారు.

గాలి ఎంత తేడా చేస్తుందో ఒక లెక్క చూద్దాం. గాలి లేనప్పుడు మామూలు సైకిల్ మీద నిటారుగా కూర్చుని గంటకు 20 కిలోమీటర్లు తొక్కే మనిషి, అదే బలంతో గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలిలో 15కు పడిపోతాడు. గాలి వెనకనుంచి తోస్తే 26 దాకా వెళ్తాడు. పది కిలోమీటర్లు పోవడానికి ఒకవైపు 40 నిమిషాలు, ఇంకోవైపు 23. వెనకగాలితో బయల్దేరిన మనిషి తన కాళ్లే బలంగా ఉన్నాయనుకుని 23 నిమిషాల్లో చేరిన దూరాన్ని అలసిన కాళ్లతో 40 నిమిషాలు తొక్కుతూ తిరిగి రావాలి. గాలి తెలియనంత తేలిగ్గా సాగిపోతోందంటే వెనకనుంచి తోస్తోందేమోనని అనుమానించాలి.

నేల వేడెక్కే కొద్దీ గాలి కూడా పెరుగుతుంది. పొద్దున్నే కదలిక లేకపోయినా మధ్యాహ్నానికి గట్టిగా వీయవచ్చు. అందుకే ఆ పూట గాలి ఎటునుంచి లేస్తుందో చూసి ముందే అటు వెళ్లడం మేలు.

ఎత్తుపల్లాల విషయంలోనూ ఇదే పద్ధతి. వెళ్లేటప్పుడు ఎక్కి, వచ్చేటప్పుడు దిగాలి. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలుంటే, 100 వాట్ల బలంతో తొక్కేవాళ్లకు 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికే 13 నిమిషాలు పడుతుంది. రోడ్డు రాపిడి, గాలి దీనికి అదనం. హాయిగా దిగిపోతున్న ప్రతి వాలునూ మళ్లీ ఎక్కాల్సి ఉంటుందని గుర్తుంచుకుని దిగండి.

మలుపు ఎలా ఎంచుకోవాలి

నచ్చినటు తిరగడమే దీనిలోని హాయి. అయినా ‘ఎటైనా పర్లేదు’ అనుకుంటే చాలామంది తెలియకుండానే తెలిసిన రోడ్ల మీదే తిరుగుతుంటారు. దాన్ని తప్పించడానికి కొన్ని ఆటలున్నాయి. ఒక్కో ఆట మిమ్మల్ని ఒక్కో దూరానికి తీసుకెళ్తుంది.

ప్రతి కూడలిలో బొమ్మా బొరుసూ వేసి కుడికో ఎడమకో తిరిగితే మీరనుకున్నంత దూరం పోరు. కూడలికీ కూడలికీ కిలోమీటరు దూరం ఉండి, 16 కూడళ్లు దాటారనుకుందాం. 16 కిలోమీటర్లు తొక్కినా ఇంటికి సుమారు 4 కిలోమీటర్ల దూరంలోనే ఉంటారు. నాణెం కలిపిన దూరాన్ని నాణెమే తీసేస్తుంటుంది. కొత్త వీధులు చూడాలి, దూరం పోకూడదు అనుకునే రోజుకు ఇది మంచి ఆట.

ఒకసారి కుడి, ఒకసారి ఎడమ అని మార్చి మార్చి తిరిగితే మాత్రం మెట్లు మెట్లుగా ఒకే దిక్కుకు పోతారు. అవే 16 కూడళ్లకు ఇంటినుంచి 11 కిలోమీటర్ల దూరం తేలుతుంది. తేడా తెలియక రెండోది ఆడినవాళ్లకే చీకటి పడేది.

అన్నీ ఒకేవైపు తిరిగితే చుట్టు పూర్తవుతుంది. మొదటి చుట్టు చిన్నది, తర్వాతది కొంచెం పెద్దది. ఇలా పెంచుకుంటూ పోతే ఎప్పుడు విసుగొచ్చినా ఇల్లు దగ్గర్లోనే ఉంటుంది. కొత్తవాళ్లు దీనితో మొదలుపెట్టాలి. మీ దగ్గర వాహనాలు రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయా, ఎడమ మలుపులే తీసుకోండి. కుడివైపు నడుస్తాయా, కుడి మలుపులు. ఎదురొచ్చే వాహనాలకు అడ్డం పడాల్సిన పని తప్పుతుంది.

ఏ ఆట ఆడినా తోడుగా ఒక ఆనవాలు పెట్టుకోండి: కాలువ, నది, రైలుపట్టా, కొండ వరుస, లేదా పెద్ద హైవే. ‘రైలుపట్టాకు ఈవలే ఉంటాను’ అని ఒక్కటి గట్టిగా అనుకుంటే చాలు. ఎంత గజిబిజిగా తిరిగినా పట్టా తగిలేదాకా తొక్కి, దాని పక్కనే ఇంటివైపు రావచ్చు. దాన్ని దాటాలనిపిస్తే దాటండి, కానీ ఏ వంతెన మీదుగానో, ఏ గేటు దగ్గరో గుర్తుపెట్టుకోండి. నదుల మీద వంతెనల మధ్య దూరం చాలా ఉంటుంది. తప్పు ఒడ్డున ఉన్నట్టు తెలిసేసరికి దాటే చోటు పది కిలోమీటర్ల వెనక ఉండవచ్చు.

వెనక్కి చూడటం

దారి తప్పేవాళ్లు ఎక్కువగా తప్పేది చీలికల దగ్గర కాదు, రోడ్లు కలిసే చోట. మీరు ఒక చిన్న బాటలోంచి పెద్ద రోడ్డు మీదికి వచ్చినప్పుడు అక్కడ ఎంచుకోవాల్సిందేమీ ఉండదు, రోడ్డు దానంతటదే కలుస్తుంది. కాబట్టి ఆ చోటు గుర్తుండదు. తిరిగి వచ్చేటప్పుడు అదే చోటు చీలికై కూర్చుంటుంది, ఆ చిన్న బాట కనబడకుండా దాటిపోతారు. అందుకని పెద్ద రోడ్డులో కలిసిన ప్రతిసారీ యాభై మీటర్లు పోయాక ఆగి, వెనక్కి తిరిగి చూడండి. తిరిగొచ్చేటప్పుడు కనబడే దృశ్యం అదే. కదలని గుర్తు ఒకటి పట్టుకోండి: గుడి గోపురం, సెల్ టవర్, వాటర్ ట్యాంకు, నంబరున్న కరెంటు స్తంభం. ఆగి ఉన్న లారీ, కట్టేసిన గేదె, అంటించిన పోస్టరు పనికిరావు. వెనక్కి తిరిగి తీసిన ఫోటో ఒకటి ఉంటే ఇంకా మంచిది.

దిక్కులకు సూర్యుడు ఉదయం, సాయంత్రం బాగా పనికొస్తాడు. మధ్యాహ్నం నడినెత్తిన ఉన్నప్పుడు ఏమీ చెప్పడు. బయల్దేరేటప్పుడు నీడ ఏ పక్కన పడుతోందో చూసుకుంటే, కాసేపటి తర్వాత ఇంటివైపు తిరిగినప్పుడు అది రెండో పక్కన పడాలి.

ఫోను

ఫోన్‌ను దారి చెప్పడానికి కాదు, దారి తప్పినప్పుడు తీయడానికి పెట్టుకోండి. ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్‌ఎమ్‌అండ్ లాంటి యాప్‌లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో పనిచేస్తాయి. ఆ ప్రాంతపు మ్యాపును ముందే దింపుకుంటే నెట్ లేకపోయినా మీరెక్కడున్నారో చూపిస్తాయి, ఎందుకంటే జీపీఎస్ సంకేతం ఉపగ్రహాల నుంచి నేరుగా వస్తుంది, దానికి సిమ్ సిగ్నల్‌తో పనిలేదు. బయల్దేరేటప్పుడు దారిని రికార్డు చేయడం మొదలుపెట్టి జేబులో వేసుకోండి. మరీ అయోమయమైతే వచ్చిన గీత మీదే వెనక్కి రావచ్చు. బ్యాటరీని ఎక్కువగా తినేది స్క్రీను. అది ఆపి ఉంచితే రికార్డింగ్ గంటల తరబడి నడుస్తుంది. ఛార్జింగ్ 30 శాతానికి పడిపోతే రికార్డింగ్ ఆపేయండి. మిగిలింది ఫోన్ కాల్‌కు.

ఇంట్లో ఒకరికి రెండు మాటలు చెప్పి వెళ్లాలి: ఏ దిక్కుకు పోతున్నారు, ఎన్నింటికి రాకపోతే ఫోన్ చేయాలి. ‘ఊరికే అలా తిరిగొస్తా’ అంటే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు.

సైకిల్ చూసుకోవడం

రెండు నిమిషాల పని. సైకిల్‌ను అయిదు సెంటీమీటర్లు ఎత్తి వదలండి. గలగలమంటే ఏదో వదులైంది, అదేమిటో తేలేదాకా బయల్దేరవద్దు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకు తోయండి, వెనక చక్రం లేవాలి. వెనక బ్రేకు పట్టి తోస్తే చక్రం తిరగకుండా జారాలి. లివరు హ్యాండిల్‌కు తగులుతుంటే కేబుల్ బిగించాలి. చక్రాల క్విక్ రిలీజ్ లివర్లు (స్పానర్ లేకుండా చక్రం తీసే పిడులు) అరచేతిలో అచ్చు పడేంత గట్టిగా మూసుకోవాలి.

టైర్లలో గాలి మీద కొంచెం ఆలోచించాలి. ఏ రోడ్డు తగులుతుందో తెలియదు కాబట్టి తారురోడ్డుకు పెట్టే గాలి కంటే పది శాతం తగ్గించడం మంచిది. 70 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో 65 నుంచి 75 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), 35 మి.మీ.కు 45 నుంచి 55, రెండంగుళాల టైరుకు 25 నుంచి 35 దగ్గర మొదలుపెట్టి, మీకు తగ్గట్టు మార్చుకోండి. బరువు వెనక ఎక్కువ పడుతుంది కాబట్టి వెనక టైరులో నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ ఉండాలి. టైరు పక్కన ముద్రించిన హద్దులు దాటవద్దు. మరీ తగ్గిస్తే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పాముకాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

సంచిలో ఉండాల్సినవి:

- మీ టైరుకు సరిపోయే కొత్త ట్యూబు ఒకటి, ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం
- టైరు లివర్లు రెండు, చిన్న పంపు
- 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు, చక్రం నట్లతో బిగిసేదైతే దానికి తగ్గ స్పానర్
- మీ గేర్ల సంఖ్యకు తగ్గ చైను క్విక్ లింకు, చైను టూలు
- ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. పగలు బయల్దేరినా సరే
- చేతిలో నగదు, గుర్తింపు కార్డు

ట్యూబు కొనేటప్పుడు టైరు పక్కన 37-622 లాంటి అంకె చూడండి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 700సీ అన్నా, 29 అంగుళాలన్నా రిమ్ము 622. 27.5 అంగుళాలంటే 584. పాత మౌంటెన్ సైకిళ్ల 26 అంగుళాలంటే 559. వాల్వు కూడా చూసుకోవాలి. మోటారు వాహనాలకుండే లావు వాల్వు, సన్నటి ప్రెస్టా వాల్వుకు చేసిన రిమ్ము రంధ్రంలో దూరదు. మీ పంపు మీ వాల్వుకు పట్టుకుంటుందో లేదో ఇంట్లోనే ఒకసారి కొట్టి చూడండి. రోడ్డు పక్కన ఎక్కువమందికి ఎదురయ్యే చిక్కు ఇదే.

లైటు విషయంలో, వీధిదీపాలున్న చోట 100 ల్యూమెన్లు (వెలుతురు కొలత) సరిపోతాయి. దీపాల్లేని రోడ్డు మీద గుంత కనబడాలంటే కనీసం 300 కావాలి.

పంక్చర్

తెలియని బాటల్లో ముళ్లు, గాజుపెంకులు తప్పవు. ప్యాచ్ వేయడానికి రోడ్డు పక్కన కూర్చోవద్దు. ట్యూబు మార్చేసి, చిల్లుపడ్డదాన్ని ఇంటికి తీసుకెళ్లండి.

వెనక చక్రమైతే మొదట చైనును వెనక ఉన్న అతి చిన్న పళ్లచక్రం మీదికి తేవాలి, లేకపోతే చైను తప్పించడం కష్టం. రిమ్ బ్రేకైతే దాన్ని వదులు చేయండి. డిస్క్ బ్రేకైతే చక్రం తీసి ఉన్నంతసేపు లివరు నొక్కవద్దు, హైడ్రాలిక్ అయితే ప్యాడ్లు దగ్గరికొచ్చి డిస్కు మళ్లీ దూరదు. మిగిలిన గాలి వదిలేసి, టైరు అంచును చుట్టూ రిమ్ము మధ్య గాడిలోకి నొక్కండి. అప్పుడే లివరుకు సందు దొరుకుతుంది. వాల్వుకు ఎదురువైపు మొదటి లివరు పెట్టి, ఒక బెత్తెడు దూరంలో రెండోది పెట్టి లాగండి.

ట్యూబు తీశాక చిల్లు ఎక్కడుందో చూడకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది. పాతదానికి కొంచెం గాలి కొట్టి చిల్లు వెతకండి. బయటివైపు ఉంటే ముల్లో గాజో. వాల్వును రిమ్ము రంధ్రం దగ్గర పెట్టి ట్యూబును టైరు పక్కన పరిస్తే, చిల్లు ఎదురుగా ముల్లు దొరుకుతుంది. లోపలివైపు, రిమ్ము తగిలే చోట ఉంటే రిమ్ టేపు జరిగి పుల్లల (స్పోక్‌ల) రంధ్రం బయటపడిందన్నమాట. పక్కపక్కన రెండు చిల్లులుంటే గాలి చాలలేదు. వాల్వు మొదట్లో చిరిగితే పంపు కొట్టేటప్పుడు వాల్వును ఊపారు. టైరు లోపలంతా గుడ్డతో తడమండి, వేలితో కాదు, గాజు కోస్తుంది. ఒక ముల్లు దొరికిందని ఆపవద్దు.

కొత్త ట్యూబుకు గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టి లోపల పెడితే మెలిపడదు. టైరును ఈసారి కూడా వాల్వుకు ఎదురువైపు నుంచి ఎక్కించుకుంటూ వాల్వు దగ్గర ముగించండి. చివరి కాస్త అరచేతులతో తోయండి. లివరు వాడితే కొత్త ట్యూబు నలిగే ప్రమాదం ఉంది. వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదలండి, దాని కింద ఇరుక్కున్న ట్యూబు సర్దుకుంటుంది. చుట్టూ చూసి ట్యూబు ఎక్కడా బయటికి కనబడట్లేదని తేలాకే పూర్తిగా గాలి కొట్టండి. చిన్న పంపుతో రెండు వందల దెబ్బలైనా పట్టవచ్చు. వాల్వు దగ్గర పంపును ఒక చేత్తో కదలకుండా పట్టుకోండి.

టైరే కోసుకుపోతే లోపలివైపు మందపాటి ప్లాస్టిక్ ముక్క, లేదా మూడు మడతలు పెట్టిన కరెన్సీ నోటు అడ్డం పెట్టి, గాలి తగ్గించి మెల్లగా రండి. రెండో ట్యూబు కూడా పోయి ప్యాచ్‌లు లేకపోతే, చిల్లున్న చోట ట్యూబును మడిచి గట్టిగా ముడివేసి గాలి కొడితే కొన్ని కిలోమీటర్లు నెట్టుకురావచ్చు.

చైను తెగితే పాడైన లింకును చైను టూలుతో తీసి, రెండు చివరలా లోపలి లింకులు మిగిలేలా చూసి క్విక్ లింకుతో కలపండి. చైను పొట్టిదవుతుంది కాబట్టి ముందూ వెనకా అతి పెద్ద పళ్లచక్రాలు ఒకేసారి వాడవద్దు. పడిపోయి డిరైలర్ (వెనక గేర్లు మార్చే భాగం) లోపలికి వంగితే తేలిక గేరు జోలికి పోవద్దు, అది పుల్లల్లో ఇరుక్కుంటే చక్రమే పోతుంది. పుల్ల విరిగితే దాన్ని పక్క పుల్లకు చుట్టేసి, రిమ్ బ్రేకు వదులు చేసి, రెండో బ్రేకుతో నెమ్మదిగా వచ్చేయవచ్చు.

నేల రకం

కంకర మీద మలుపు తిరిగేటప్పుడు బ్రేకు పట్టవద్దు. ముందే వేగం తగ్గించుకోవాలి. ఇసుక కనబడగానే తేలిక గేరులోకి మారి, బరువు వెనక్కి వేసి, హ్యాండిల్ తిప్పకుండా తొక్కుతూనే ఉండాలి, ఆపితే అక్కడే కూరుకుపోతారు. రైలుపట్టాలను నిట్ట అడ్డంగానే దాటాలి, తడిగా ఉంటే దిగి దాటాలి. వాన పడ్డాక బంకమట్టి డొంకల్లోకి అసలు దిగకండి. మట్టి టైరుకూ ఫోర్కుకూ మధ్య పేరుకుని చక్రం తిరగడమే మానేస్తుంది, అప్పుడు సైకిల్‌ను మోయాలి. పారే నీళ్లలో అడుగు కనబడకపోతే వెనక్కి తిరగండి.

దారి పొలంలోకో, మూసిన గేటు దగ్గరికో వచ్చి ఆగితే అడిగి వెళ్లండి. ఎవరూ లేకపోతే వచ్చిన దారే దారి. గేటు తీసి వెళ్తే ముందు ఎలా ఉందో మళ్లీ అలాగే ఉంచి వెళ్లాలి.

కుక్క వెంటపడితే, దాన్ని దాటిపోయే వేగం చాలామందికి ఉండదు. దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య ఉంచుకుని, తిన్నగా నడవండి. పరుగు ఆగితే చాలా కుక్కలు వెంటపడటం ఆపేస్తాయి.

నీళ్లు, తిండి

గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు. ఎండలో ఇంకా ఎక్కువ. రెండు సీసాలుంటే మొదటిది ఖాళీ అయినప్పుడు వెనక్కి తిరగాలి, అలారం మోగకపోయినా సరే. గంటన్నర దాటే సవారీలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక మాదిరి అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే, ముప్పావుగంటకు ఒకసారి కొంచెం తినండి. ఉన్నట్టుండి కాళ్లలో సత్తువ పోయి, చేతులు వణికి, చిన్నదానికే చిరాకొస్తుంటే అది అలసట కాదు, ఒంట్లో చక్కెర తగ్గడం. ఆగి తీపి తిని, పది నిమిషాలు కూర్చోండి. ఎండలో తల తిరిగి, వాంతి వచ్చేలా ఉంటే నీడలోకి వెళ్లి ఒళ్లు తడపండి. మాట తడబడుతుంటే వైద్య సహాయం పిలవాల్సిందే.

ఇద్దరు ముగ్గురు కలిసి

మలుపులు వంతులవారీగా ఎంచుకుంటే గొడవ ఉండదు. కానీ ‘ఇక చాలు, తిరుగుదాం’ అనే మాట ఎవరు అన్నా, కారణం అడగకుండా తిరగాలి. నెమ్మదిగా తొక్కేవాళ్లను ముందు పెట్టండి. వెనక పెడితే వాళ్లు ఆయాసపడుతూ చేరేసరికి ముందున్నవాళ్లు విశ్రాంతి ముగించి లేస్తుంటారు. ప్రతి కూడలిలో అందరూ వచ్చేదాకా ఆగాల్సిందే. దారి ముందే అనుకున్నది కాదు కాబట్టి, వెనకబడ్డ మనిషికి మీరెటు తిరిగారో ఊహించే వీలే లేదు.

ఇంటికొచ్చాక

చిల్లుపడ్డ ట్యూబుకు అదే రోజు ప్యాచ్ వేయండి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరనివ్వండి, అయిదు నిమిషాలు పట్టవచ్చు. తడిగా ఉండగానే అంటించడం వల్లే ప్యాచ్‌లు ఊడిపోతాయి. ఒక రాత్రి గాలితో ఉంచి, తెల్లారి కూడా గట్టిగా ఉంటేనే చుట్టి, వాల్వు మూత పెట్టి, ట్యూబు మీద కాస్త పౌడరు చల్లి సంచిలో పెట్టండి. టైర్లను మెల్లగా తిప్పుతూ సగం దిగిన ముళ్లను, గాజునలుసులను సూదితో తీసేయండి. అవి ఇవాళ ట్యూబును తాకకపోయినా, నాలుగైదు రోజుల తొక్కుడుకు లోపలికి దిగుతాయి. సొల్యూషన్ గొట్టం ఒకసారి మూత తీస్తే కొన్ని నెలల్లో ఎండిపోతుంది, దాన్నొకసారి నొక్కి చూసి మరీ సంచి మూయండి.